న్యూట్రల్‌లో కదిలిన కారు

"నన్ను చంపాలనుకుంటే వాడికి కారెందుకమ్మా? రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ తెచ్చిచ్చేది వాడేగా!"

కుడికాలికి తొడ దాకా కట్టుతో ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉన్నా రాజ్యం గారి మాటలో పదును తగ్గలేదు. ఆరు రోజుల కిందట సొంత కారే తోస్తే సొంత రొయ్యల చెరువులో పడిన మనిషి. నిన్న సాయంత్రానికి గాని పూర్తిగా తెలివి రాలేదు. ఇక ప్రాణభయం లేదని డాక్టర్లు చెప్పారని తెలియగానే, బుధవారం తెల్లారేసరికి ఆ గదిలో వాలింది డిటెక్టివ్ తులసి.

తులసికి ఏలూరు పవర్‌పేటలో చిన్న ఆఫీసుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఈ కేసు ఆమె దగ్గరికి తెచ్చింది రాజ్యం గారి డ్రైవరు ఆనంద్ పాల్ భార్య మెర్సీ. ఆనంద్ పాల్ ప్రస్తుతం హత్యాయత్నం నేరం కింద సబ్ జైల్లో ఉన్నాడు.

"మరి పోలీసులకి ఆ మాటే చెప్పకపోయారా అండీ?"

"చెప్పడానికి నాకు తెలివేదమ్మా? ఈలోపు మా మేనల్లుడు అభినవ్ కంప్లైంటు రాసిచ్చేశాడు. అది చాలదని ఆ బుచ్చిబాబుని కూడా పెట్టాడట."

బుచ్చిబాబు రిటైరైన హెడ్ కానిస్టేబులు. ఏలూరులో తులసి కంటే పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీ ఆయనది. ఆ పేరు వినగానే తులసి నోటుబుక్కు తెరిచింది.

"ఆ గురువారం సంగతి మొదట్నించి చెప్పండి. గంటలతో సహా."

"గూడెంలో ఇంటి దగ్గర బయల్దేరేసరికి ఎనిమిదీ ముప్పావు. దారిలో ఎక్కడా ఆగలేదు. ఏలూరు దాటి, కైకలూరు అవతల మా చెరువు గట్టు ఎక్కేసరికి పదిన్నర. మళ్ళీ వెంటనే ఎక్కేస్తాను, ఏసీ ఆపొద్దన్నాను. దిగి, కారు ముందుకెళ్ళి నీళ్ళు చూస్తున్నాను. డిక్కీలోంచి మేత సంచి తెమ్మన్నాను వాణ్ణి."

"తర్వాత?"

"డోరు వేసిన చప్పుడైంది. డిక్కీ లేపిన చప్పుడైంది. ఆ తర్వాత వెనకనించి గేదె వచ్చి ఒరుసుకున్నట్టు అనిపించింది. తిరిగి చూసేలోపే నీళ్ళలో ఉన్నాను."

"ఒరుసుకున్నట్టా? గుద్దినట్టు కాదా?"

"మెల్లగానే వచ్చిందమ్మా. మనిషి నడిచే వేగం. గట్టు అంచు అంత వాలుగా లేకపోతే నా కాలు కూడా విరిగేది కాదు."

తులసి మూడు మాటలు రాసుకుంది. డోరు, డిక్కీ, అప్పుడు కదలిక.

"రెండ్రోజుల ముందు అతన్ని పని మానెయ్యమన్నారట?"

రాజ్యం గారు కిటికీ వైపు చూసింది. "అన్నాను, నెలాఖరు దాకా చేసి పొమ్మని. రాజమండ్రి వెళ్ళొచ్చి, ఇంటి ముందు ఆపి, దిగబోతుండగా కారు పోయి గోడకి కొట్టుకుంది. 'తనంతట తనే కదిలిందండీ' అన్నాడు. కారు తనంతట తను కదలడానికి అదేమన్నా గేదా అని తిట్టాను, నలుగురి ముందూ."

"అంతకు ముందెప్పుడూ బాధ పెట్టలేదా?"

"పెట్టేది. మొదటి గేరు పడేటప్పుడు ఒకటే కుదుపులు. వాడు చుట్టాల పెళ్ళికని నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాక అవి తగ్గిపోయాయి."

"మెకానిక్కుకి చూపించారా?"

"ఎవరికీ చూపించలేదు."

"మరి దానంతటదే బాగుపడిందా అండీ?"

ఆ ప్రశ్న ఆవిడకెప్పుడూ తట్టలేదు.

* * *

ఎనిమిదీ నలభైకల్లా తులసి కైకలూరు అవతల రాజ్యం గారి మేత గోడౌను ముందు బస్సు దిగింది. వెంట సత్యవేదం ఉన్నాడు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంటి ముందు పాక వేసుకుని గేరుబాక్సులు మాత్రమే బాగుచేసే పెద్దాయన. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ చెవిలో పెన్సిలుతో ఉంటాడు.

పోలీసులు చూసి తిరిగిచ్చిన కారు గోడౌను షెడ్డులో ఉంది. విదేశం నించి తెప్పించిన బూడిదరంగు బండి. క్లచ్చి పెడలు ఉండదు. చేతి లివరు ముందుకీ వెనక్కీ తోస్తే గేర్లు మారతాయి. ఏ గేరులో ఉందో మీటరు పక్కన చిన్న కిటికీలో కనిపిస్తుంది. ఏ గేరూ లేకపోతే 'ఎన్' అని వెలుగుతుంది.

ఆనంద్ పాల్ నిన్న జైలు చువ్వల వెనక నించి ఆ అక్షరం గురించే చెప్పాడు. "గోడకి తగిలించాక నా మీద నాకే అనుమానం వచ్చిందండీ. అందుకే ఈసారి ఎన్ అని రెండుసార్లు చూసుకుని దిగాను. హ్యాండు బ్రేకు లాగలేదు. క్షణంలో ఎక్కేస్తాం కదా అనుకున్నాను. అదొక్కటే నా తప్పండీ." ఆ మాట అంటూ తల ఎత్తలేదు. దాచుకోవడానికి వీలున్న తప్పుని ముందే ఒప్పుకున్నవాడు మిగతాది అబద్ధమాడతాడని తులసికి అనిపించలేదు.

షెడ్డు దగ్గర ముగ్గురున్నారు. కేసు చూస్తున్న కుర్ర ఎస్సై, కళ్ళకింద నల్లచారలతో అభినవ్, తెల్ల సఫారీలో బుచ్చిబాబు.

"రండి తులసి గారూ! మనుషులైపోయారు, ఇక కారుని ప్రశ్నలడుగుతారన్నమాట."

"అడుగుతానండీ. అది లంచం తినదు, మొహమాటపడదు."

బుచ్చిబాబు నవ్వు సగంలో ఆగింది. "చూడండమ్మా, ఇందులో తిరకాసేమీ లేదు. ఉద్యోగం పోయిందన్న కసితో డ్రైవరు సీట్లో కూర్చుని గేరు వేశాడు, ఆవిడ మీదకి పోనిచ్చాడు, నీళ్ళు దగ్గరపడగానే దూకేశాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు నడిపి చూసి, బండిలో లోపం లేదని రాసిచ్చారు."

"ఎంతసేపు నడిపారండీ?"

"పది నిమిషాలు. చాలదా?"

"ఎన్నింటికి?"

"పొద్దున్న ఏడింటికి, స్టేషన్ ఆవరణలో. అయితే ఏమిటంటారు?"

తులసి ఎస్సై వైపు తిరిగింది. "సంఘటన స్థలం ఫొటో ఒకసారి ఇప్పిస్తారా?"

ఫొటో పట్టుకుని అందరూ వెనకనే ఉన్న చెరువు గట్టు ఎక్కారు. కారు మొదట ఆగిన చదునైన చోట వెనక చక్రాల గుర్తులు ఎండిన బురదలో ఇంకా ఉన్నాయి. తులసి అక్కడి నించి నీటి అంచు దాకా అడుగులు వేసి లెక్కపెట్టింది. ఇరవై రెండు.

"బుచ్చిబాబు గారూ, ఫొటోలో మేత సంచి ఎక్కడ పడి ఉందో చూశారా?"

"గట్టు మీద."

"గట్టు మీదే గాని, ఎక్కడ? ఇదిగో, ఈ చక్రాల గుర్తుకి రెండడుగుల వెనక. నీళ్ళ దగ్గర సీట్లోంచి దూకినవాడు సంచిని ఇక్కడికి ఎలా విసిరాడండీ?"

"ముందే దింపి పెట్టి ఉంటాడు."

"దింపి పెడితే సంచి నిలబడి ఉండాలి. ఇది బోర్లా పడింది. మేత ముందు వైపుకి చిమ్మింది. చేతిలో ఉన్నదాన్ని వదిలేసి ముందుకు పరిగెత్తితేనే అలా చిమ్ముతుంది. కారు కదిలేటప్పటికి ఆనంద్ పాల్ దాని వెనక ఉన్నాడు."

ఎస్సై ఫొటోని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. బుచ్చిబాబు మీసం సవరించుకున్నాడు.

"సరే, వెనకే ఉన్నాడనుకుందాం. గేరు లేని కారు ఎలా కదిలిందో చూపించండి. అప్పుడు నేనే వెళ్ళి ఆ జైలు తలుపు తెరిపిస్తాను."

"ఆ మాట మీద ఉండండి," అంది తులసి.

* * *

సత్యవేదం జాకీ పెట్టి ముందు చక్రాల్లో ఎడమదాన్ని ఒక్కదాన్నే నేల నించి లేపాడు.

"రెండూ లేపితే లాభం లేదండీ. ఒకటి తిప్పుతుంటే రెండోది ఎదురు తిరుగుతుంది, లోపల ఏముందో తెలీదు. ఒకటి నేల మీద ఉండాలి. గేరు లేకపోతే లేపింది బొంగరంలా తిరుగుతుంది. గేరుంటే బిగుసుకుపోతుంది."

కీ తిప్పి, బ్రేకు తొక్కి, మొదటి గేరు వేసి, మళ్ళీ ఎన్‌కి తెచ్చి ఇంజను ఆపాడు. చక్రాన్ని చేత్తో తోశాడు. గిర్రున తిరిగింది. పదిసార్లు చేశాడు. పదిసార్లూ తిరిగింది.

"అయిపోయిందా అండీ ప్రదర్శన?" అన్నాడు బుచ్చిబాబు.

"సగం అయింది," అంది తులసి. "రాజమండ్రి నించి ఏకబిగిని వచ్చాక గోడని కొట్టింది. గూడెం నించి గంటా ముప్పావు ఆగకుండా వచ్చాక చెరువు అంచు బురదలో దిగబడింది. పొద్దున్నే పది నిమిషాలు నడిపితే మాత్రం ఏ లోపమూ లేదు. ఎస్సై గారూ, మా సత్యవేదం గారు దీన్ని ఒక గంట నడపాలి. మీరు పక్కన కూర్చోండి."

"నేనూ వస్తాను," అన్నాడు బుచ్చిబాబు. "దారిలో ఏం మాయ చేస్తారో చూడొద్దూ!"

తొమ్మిదింటికి బయల్దేరిన కారు ఏలూరు రోడ్డు మీద తిరిగి తిరిగి పదీ ఐదుకి వచ్చింది. సత్యవేదం షెడ్డు ముందు ఖాళీ స్థలంలో ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ముందు ఎవరూ నిలబడకండి."

లివరు ఎన్‌కి తోశాడు. ఏసీ నడుస్తోంది. బ్రేకు మీద నించి కాలు తీసి, రెండు కాళ్ళూ సీటు మీదకి మడిచి పెట్టుకున్నాడు. తులసి వాచీ చూస్తోంది. మూడు సెకన్లు. ఐదు. కారు కదల్లేదు. మెర్సీకి ఏం చెప్పాలి?

ఏడో సెకనులో ఇంజను చప్పుడు కొంచెం బరువెక్కింది. కారు నిద్రలేచినట్టు ఒక్కసారి ఒళ్ళు విదిల్చుకుని ముందుకు నడవడం మొదలుపెట్టింది.

"ఎన్ లోనే ఉందండీ!" లోపల్నించి ఎస్సై అరిచాడు. "ఇదిగో, ఎన్ అనే వెలుగుతోంది!"

సత్యవేదం కాలు దించి బ్రేకు నొక్కి, ఇంజను ఆపాడు. మళ్ళీ జాకీ పెట్టి అదే చక్రాన్ని లేపాడు.

"బుచ్చిబాబు గారూ, ఈసారి మీరే తిప్పండి."

బుచ్చిబాబు ఒక చేత్తో తోశాడు. రెండు చేతులతో తోశాడు. సఫారీ మోకాళ్ళకి మట్టి అంటుకునేలా కూర్చుని, ఊపిరి బిగబట్టి తోశాడు. చక్రం వేలెడు కదిలి టక్కుమని ఆగిపోయింది. ఆయన లేచి చేతులు దులుపుకుని, జేబురుమాలు తీశాడు.

"ఇందులో రెండు మోటార్లున్నాయండీ," అన్నాడు సత్యవేదం. "ఒకటి గేరు మారుస్తుంది, ఒకటి క్లచ్చి లాగి పట్టుకుంటుంది. రెండింటికీ యజమాని కంప్యూటరు. దానికి కళ్ళు లేవు. గేరుబాక్సు మీద ఉన్న ఒక సెన్సరు ఏం చెబితే అదే నమ్ముతుంది. లోపల మొదటి గేరు ఇంకా పూర్తిగా విడవకుండానే ఆ సెన్సరు 'విడిచింది' అని చెబుతోంది. గేరు లేదు కదా అని కంప్యూటరు కాసేపటికి క్లచ్చి మోటారుకి విశ్రాంతి ఇచ్చేస్తోంది. క్లచ్చి అంటుకుంటుంది. ఏసీ కోసం ఇంజను ఎలాగూ కాస్త ఎక్కువ తిరుగుతుంది. ఇంకేం, బండి నడుస్తుంది."

"మరి చల్లగా ఉన్నప్పుడు?"

"మోటారు చురుగ్గా ఉంటుందమ్మా. ఆగమన్న చోటు దాటి కొంచెం ముందుకి పోతుంది. ఆ ఊపులో గేరు పూర్తిగా విడుస్తుంది. గంట నడిచి వేడెక్కాక దాని బలం తగ్గి, ఆగమన్న చోటే ఆగిపోతుంది."

బోనెట్ ఎత్తి, బ్యాటరీ పక్కకి తీసి, టార్చి వేశాడు. గేరుబాక్సు నిండా నూనె, దుమ్ము కలిసి పెచ్చులా కట్టింది. సెన్సరుని పట్టుకున్న ఇనప పట్టీ దగ్గర మాత్రం బోల్టు తల తళతళలాడుతోంది. దాని పక్కనే, పట్టీ అంచు వెంబడి, చంద్రవంక లాంటి శుభ్రమైన గీత. మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పట్టీ ఒకప్పుడు ఉండిన చోటు అది.

తులసి తల తిప్పకుండానే అడిగింది. "అభినవ్ గారూ, ఈ గేరుబాక్సు ఎప్పుడు విప్పించారు?"

"నేనా? నాకేం తెలుసండీ?"

"ఆనంద్ పాల్ సెలవులో ఉన్న నాలుగు రోజులూ కారు తాళం ఎవరి దగ్గరుంది?"

అభినవ్ పెదవులు తడుపుకున్నాడు. "అత్తయ్య తిరుపతి వెళ్ళిందండీ. ఫ్రెండ్సుతో భీమవరం వెళ్ళొద్దామని తీశాను. అత్తిలి దగ్గర మొదటి గేరు పడక ఆగిపోయింది. అక్కడ ఒక మెకానిక్కు గేరుబాక్సు దింపి ఎక్కడికో పంపించి, రెండ్రోజుల్లో బిగించి ఇచ్చాడు. కుదుపులు కూడా పోయాయి. అత్తయ్యకి తెలిస్తే..." అభినవ్ చెరువు వైపు తిరిగాడు. "ఆ రోజు అత్తయ్యని నీళ్ళలోంచి తీసింది ఆనంద్ పాలేనండీ. నేను గోడౌనులోంచి వచ్చేసరికి తనే దూకి ఎత్తుకొస్తున్నాడు. నేను అదీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"కారు తప్పు అంటే నా తప్పు అవుతుందని భయం వేసింది. డ్రైవరు తప్పు అంటే... అక్కడితో అయిపోతుంది కదా అని."

చెరువులో రొయ్యలకి గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఎస్సై రాసుకుంటూ, "ఇప్పుడు చెప్పినదంతా సంతకం పెట్టి ఇవ్వాలి," అన్నాడు.

"ఇస్తానండీ." అభినవ్ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. ఆరు రోజుల నించీ నిద్రలేని మొహంలో ఒక బిగువేదో సడలింది.

సత్యవేదం మాత్రం పనిలోనే ఉన్నాడు. బోల్టు వదులు చేసి, పట్టీని ఆ పాత గీత మీదకి కచ్చితంగా జరిపి బిగించాడు. బ్యాటరీ పెట్టి, కీ తిప్పి, బ్రేకు తొక్కి పట్టుకుని లివరుని ఒక్కొక్క గేరులోకీ నెమ్మదిగా తోస్తూ, తెస్తూ, కొత్త చోటుని కంప్యూటరుకి నేర్పాడు. లోపల మోటారు ప్రతిసారీ టిక్కుమంది. చివరికి ఇంజను ఆపి బయటికి వచ్చాడు. బండి ఇంకా వేడిగానే ఉంది. చక్రాన్ని చిటికెన వేలితో తోశాడు. గిర్రున తిరిగింది. మళ్ళీ గేరు వేసి, తీసి, చూశారు. ఐదుసార్లూ తిరిగింది.

"ఇది చాలు," అన్నాడు ఎస్సై. "హత్యాయత్నం సెక్షను నిలవదు. ఇవాళే కోర్టుకి రిపోర్టు ఇస్తాను. రేపటికల్లా మీవాడు ఇంట్లో ఉంటాడు."

తులసి పక్కకి వెళ్ళి మెర్సీకి ఫోను చేసింది. అవతల మెర్సీ "స్తోత్రం" అని ఒక్క మాట అని, రిసీవరు పెట్టడం కూడా మరిచిపోయి, ఎవరినో పిలుస్తూ పరిగెత్తింది. ఆ అడుగుల చప్పుడు వింటూ తులసి చాలాసేపు ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది.

బుచ్చిబాబు దగ్గరికొచ్చాడు. "మాట మాటే తులసి గారూ. జైలు దగ్గరికి నేనూ వస్తాను. అతనికి నేను చెప్పుకోవాల్సింది ఉంది."

* * *

అందరూ నవ్వుతున్నారు. సత్యవేదం నవ్వడం లేదు.

బోనెట్ ఇంకా ఎత్తే ఉంది. ఆయన బొటనవేలు ఆ బోల్టు తల మీద ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. తులసి వచ్చి పక్కన నిలబడింది.

"ఏమైంది సత్యవేదం గారూ?"

ఆయన రెండో చేతిలో నూనె గుడ్డ ఉంది. ఒక్క రుద్దుడు రుద్దితే పోయేది. ఆయన రుద్దలేదు. నెమ్మదిగా బొటనవేలు తీశాడు. బోల్టు అంచున ఆవగింజంత పసుప్పచ్చ పెయింటు చుక్క.

"ఈ చుక్క నాదేనమ్మా."

తులసికి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ముప్ఫై ఏళ్ళ అలవాటు. నా చేత్తో బిగించిన బోల్టుకి చుక్క పెడతాను. అత్తిలి నించి ఒకతను గోనెసంచిలో గేరుబాక్సు ఒక్కటే తెచ్చాడు. ఎవరిదో చెప్పలేదు. కారు తీసుకురా, బిగించాక నేర్పాలి అన్నాను. మేం చూసుకుంటాంలే అన్నాడు. కుదుపు పోవాలని పట్టీని కంటి కొలతతో జరిపాను. వేడెక్కాక ఏమవుతుందో ఆలోచించలేదు." ఆయన నూనె గుడ్డని జేబులో కుక్కాడు. "ఇందాక టార్చి వేసినప్పుడే చూశాను. పని పూర్తయ్యాక చెబుదామనుకున్నాను. ఆ పిల్లాడు జైల్లో కూర్చున్నది నా చేతి పని వల్లనమ్మా."

"దాన్ని బయటపెట్టిందీ ఆ చెయ్యేనండీ," అంది తులసి. అని, వెంటనే అడగాల్సింది అడిగింది. "ఇలాంటివి ఇంకేమన్నా చేశారా?"

"ఒకటి. పోయిన శనివారం. ఉండి ఊళ్ళో డాక్టరు వెంకట్రాజు గారిది, ఇదే రకం బండి. ఆయన ఊళ్ళోనే తిరుగుతారు, అంత వేడెక్కదు. ఇవాళే వెళ్ళి సరిచేసి..." ఆయన మాట ఆగిపోయింది. "ఇవాళ ఏ వారమమ్మా?"

"బుధవారం."

"బుధవారం ఆయన కైకలూరు వస్తారు. పేషెంట్లని చూడ్డానికి."

తులసి ఫోను తీసేసరికి టైము పదీ యాభై రెండు. సెల్లు అందుబాటులో లేదంది. క్లినిక్కు నంబరుకి కాంపౌండరు పలికాడు. "డాక్టరు గారు ఆకివీడులో ఒక కేసు చూసుకుని అటే వస్తామన్నారండీ. తొమ్మిదిన్నరకే వెళ్ళారు. వాళ్ళమ్మగారిని కూడా తీసుకెళ్ళారు."

"పదకొండు గంటల పాసింజరుకి రైల్వే గేటు వేసి ఉంటారు," అన్నాడు ఎస్సై. జీపు వైపు పరిగెత్తి, వెంటనే తల కొట్టుకున్నాడు. "డ్రైవరు డీజిలుకి వెళ్ళాడు!"

గేటు దగ్గర ఆగుతారు. ఎన్‌కి తోస్తారు. కాలు బ్రేకు మీద నించి తీస్తారు. ఏడు సెకన్లు. తులసి మెదడులో ఆ లెక్క పూర్తయ్యేలోపే బుచ్చిబాబు బుల్లెట్టు స్టార్టయింది.

"ఎక్కండి తులసి గారూ!"

రెండు కిలోమీటర్లు. తులసి జీవితంలో అంత గట్టిగా ఎవరి చొక్కా పట్టుకోలేదు. మలుపు తిరగగానే గేటు కనిపించింది. వేసే ఉంది. ఇవతల వైపు లారీలు, రొయ్యల వ్యాన్లు, ఐసు ఆటోలు. గేటు అవతల, పట్టాలకి అటువైపు, వరసలో మొట్టమొదటి బండి బూడిదరంగు కారు. దూరంగా రైలు కూత వినిపించింది.

బుల్లెట్టు ఆగకముందే తులసి దూకింది. గేటు కర్ర కిందనించి వంగి దూరింది. "ఏవమ్మా, బండొస్తోంది!" గేటుమాన్ అరుపు వెనక పడిపోయింది. పట్టాలు దాటుతుండగా కారు తలుపు తెరుచుకుంది. తెల్లచొక్కా మనిషి ఒకాయన సెల్‌ఫోను పైకెత్తి సిగ్నలు వెతుక్కుంటూ దిగి, రోడ్డు పక్కకి నడిచాడు. వెనక సీట్లో ఒక పెద్దావిడ ఏసీ చాలనట్టు విసనకర్రతో విసురుకుంటోంది.

"డాక్టరు గారూ! కారు! కారు ఆపండి!"

ఆయన ఫోనులోంచి తలెత్తి, ఆగే ఉన్న కారుని చూసి, ఈమెకి మతి చెడిందేమో అన్నట్టు చూశాడు. తులసి రెండో గేటు కర్ర కింద దూరేసరికి ఇంజను చప్పుడు బరువెక్కింది. కారు ఒళ్ళు విదిల్చుకుంది.

తెరిచిన తలుపులోంచి తులసి సగం మనిషి లోపలికి పడింది. చేతికి హ్యాండు బ్రేకు దొరికింది. లాగింది. రెండో చేయి కీ వెతికి తిప్పేసింది. బంపరు గేటు కర్రని తాకి, కర్ర కిర్రుమని వంగి, కారు నిలిచిపోయింది.

పాసింజరు రైలు ఆరు గజాల అవతల దడదడమంటూ పోయింది. పెట్టెల గాలికి పెద్దావిడ విసనకర్ర ఎగిరి సీటు కింద పడింది.

"ఏవిటమ్మా అది? ఎవరు నువ్వు?" అంది ఆవిడ.

తులసి స్టీరింగు మీద తల ఆనించి, రైలు చివరి పెట్టె దాటేదాకా అలాగే ఉండిపోయింది. డాక్టరు వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లాగి ఉన్న హ్యాండు బ్రేకునీ, వంగిన గేటు కర్రనీ, వెనక సీట్లో తల్లినీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

గేటు లేచింది. బుచ్చిబాబు అవతలి నించి పరిగెత్తుకొచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, "బతికించారు," అన్నాడు. ఎవరిని ఉద్దేశించి అన్నాడో ఆయనకే తెలీదు.

తులసి కారు దిగి సత్యవేదానికి ఫోను చేసింది. సగం మోగకముందే ఎత్తాడు.

"ఆపామండీ. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ విసనకర్ర వెతుక్కుంటోంది, అంతే."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"దాన్ని ఎవరూ కదపకండమ్మా. అక్కడే ఉంచండి. స్పానర్లు తీసుకుని నడిచి వచ్చేస్తున్నాను."

వెనకనించి ఎస్సై గొంతు వినిపించింది. "నడవడం ఏమిటండీ పెద్దాయనా? డ్రైవరొచ్చాడు, జీపెక్కండి. స్టేట్‌మెంటు దారిలో రాసుకుందాం."